విండోస్ 7లో కొత్త గ్రాఫిక్స్ కార్డుకు డ్రైవర్ ఎక్కడం లేదు

పరికరశాల (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మా ప్రయోగశాలలో ఒక స్పెక్ట్రోమీటర్ ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రాం విండోస్ 7 దాటి ఎందులోనూ పనిచేయదు. తయారుచేసిన సంస్థ ఆ నమూనాకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. పరికరం మాత్రం చెక్కుచెదరలేదు, కొలతలు ఇప్పటికీ నిక్కచ్చిగా వస్తాయి. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోవడంతో చిక్కంతా మొదలైంది.

ఇప్పుడున్న యంత్రం: ఏడో తరం కోర్ ఐ5, 200 శ్రేణి చిప్‌సెట్ బోర్డు, 8 జీబీ మెమరీ, ఎన్విడియా జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు. పరికరానికి వెళ్లే ఇంటర్‌ఫేస్ కార్డు పాత పీసీఐ రకం. ఆ స్లాటు ఉన్నందుకే ఈ బోర్డును ఎంచుకున్నాను.

విండోస్ 7 ఎక్కింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యూఎస్‌బీ కీబోర్డు, మౌసు రెండూ కదలలేదు. పాత పీఎస్/2 కీబోర్డుతో గట్టెక్కి, తర్వాత చిప్‌సెట్‌కు ఇంటెల్ ఇచ్చిన యూఎస్‌బీ 3.0 డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాం) వేశాను. కానీ తెర 1024×768 దగ్గరే ఆగిపోయింది. డివైస్ మేనేజర్‌లో ‘స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్’ అని చూపిస్తోంది. స్పెక్ట్రోమీటర్ ప్రోగ్రాం తెరిస్తే ‘ఓపెన్‌జీఎల్ 2.0 (తెర మీద బొమ్మలు గీసే పద్ధతి) కావాలి’ అని చెప్పి మూసుకుపోతోంది. ఎన్విడియా సైటులోని డ్రైవర్ వేయబోతే ఈ విండోస్‌కు సరిపోదని మొదట్లోనే ఆగిపోతోంది.

ఐఎన్ఎఫ్ ఫైలులో కార్డు సంఖ్య చేర్చి ఎక్కించవచ్చని కొన్నిచోట్ల చదివాను. ఎలా చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

బిట్‌పక్షి

విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. డబ్బు కట్టిన సంస్థలకు ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్లు కూడా 2023 జనవరితో ఆగాయి. కొత్త విండోస్‌కు మారితే ఈ తలనొప్పి ఉండదు కదా?

పరికరశాల

బిట్‌పక్షి గారూ, మారగలిగితే ఈపాటికే మారేవాళ్లం. ఇంటర్‌ఫేస్ కార్డు డ్రైవర్ విండోస్ 7కే ఉంది. కార్డు లేకపోతే పరికరం లేనట్టే. ఈ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వడం లేదు, కాబట్టి భద్రత విషయంలో కొంత నిశ్చింతగా ఉన్నాం.

నిదానం

పరికరశాల గారూ, ఐఎన్ఎఫ్ జోలికి వెళ్లే ముందు అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో చూద్దాం. దీని మీద చాలామంది వృథాగా సమయం పోగొట్టుకుంటున్నారు.

ఐఎన్ఎఫ్ ఒక హాజరు పట్టీ. ఏ పరికరానికి ఏ డ్రైవర్ ఫైలు వేయాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘డీటెయిల్స్’ తెరిచి, ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. ‘వెన్’ పక్కన ఉండేది తయారీదారు సంఖ్య. ఎన్విడియాకు 10డీఈ, ఏఎండీకి 1002, ఇంటెల్‌కు 8086. ‘డెవ్’ పక్కన ఉండేది ఆ చిప్ సంఖ్య. ఈ జంట పట్టీలో ఉంటే విండోస్ డ్రైవర్ వేస్తుంది, లేకపోతే వేయదు.

పట్టీలో మనం పేరు చేర్చగలం. కానీ డ్రైవర్‌లోని అసలు ప్రోగ్రాం, అంటే ‘సిస్’ ఫైలు, ఆ చిప్‌ను ఎలా మేల్కొల్పాలో తెలిసినదై ఉండాలి. ఉదాహరణకు ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లలోని హెచ్‌డీ 530 సంఖ్య 1912. మీ ఏడో తరంలో సాధారణంగా వచ్చే హెచ్‌డీ 630 సంఖ్య 5912. రెండింటి గ్రాఫిక్స్ నిర్మాణం దాదాపు ఒకటే, తేడా ప్రధానంగా వీడియో డీకోడింగ్‌లో ఉంది. 530కి విండోస్ 7 డ్రైవర్ ఇచ్చారు, 630కి అధికారికంగా ఇవ్వలేదు. అందుకే అక్కడ 5912 చేర్చి ఎక్కించుకున్నవాళ్లు ఉన్నారు.

ఆర్‌టీఎక్స్ 4060 సంగతి అలా కాదు. దాని నిర్మాణం పేరు ఏడా. విండోస్ 7కు వచ్చిన ఎన్విడియా డ్రైవర్ ఏదీ ఏడా చిప్‌ను ఎరగదు. 2021 అక్టోబరు నుంచి కొత్త గేమ్ డ్రైవర్లు విండోస్ 10, 11లకే వస్తున్నాయి. ఆ తర్వాత విండోస్ 7కు ఇస్తామన్నవి ముఖ్యమైన భద్రతా సవరణలు మాత్రమే, అవీ 2024 సెప్టెంబరు వరకే. 4060 విడుదలైంది 2023లో. మీరు ఐఎన్ఎఫ్‌లో ఆ సంఖ్య చేర్చితే ఎక్కినట్టే ఎక్కి, తిరిగి ప్రారంభించగానే కోడ్ 43 (పరికరంలో లోపమని విండోస్ దాన్ని ఆపేయడం) చూపిస్తుంది, లేదా తెర నల్లబడుతుంది.

నా సలహా ఒక్కటే. కార్డుకు తగిన డ్రైవర్ కోసం వెతకకండి, డ్రైవర్‌కు తగిన కార్డు తెచ్చుకోండి. మీ విండోస్‌కు వచ్చిన చివరి డ్రైవర్ ఏదో పట్టుకుని, దాని జాబితాలో ఉన్న కార్డును ఎంచుకోండి.

వెన్నెల64

నిదానం గారు చెప్పింది నిజం. విండోస్ 7 64 బిట్ అయితే ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి వరకు డ్రైవర్లు ఉన్నాయి. 470 శ్రేణి డ్రైవర్ వేసుకోవచ్చు. జీటీఎక్స్ 1650, 1660 వంటివైతే ఇంకా సులువు. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 5700 వరకు సరే, ఆర్‌ఎక్స్ 6000 శ్రేణికి విండోస్ 7 డ్రైవర్ రాలేదు.

మరచెక్క

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. మీ విండోస్ 7 ఎన్ని బిట్‌లది? పాత పీసీఐ ఇంటర్‌ఫేస్ కార్డు అన్నారు కాబట్టి అడుగుతున్నాను.

పరికరశాల

32 బిట్. ఇంటర్‌ఫేస్ కార్డుకు 64 బిట్ డ్రైవర్ లేదు.

మరచెక్క

అనుకున్నాను. అయితే లెక్క మొత్తం మారుతుంది.

64 బిట్ విండోస్‌లో కర్నెల్ (డ్రైవర్లు పనిచేసే లోపలి మూలభాగం) కూడా 64 బిట్టే. 32 బిట్ ప్రోగ్రాం అందులో నడుస్తుంది గానీ 32 బిట్ డ్రైవర్ నడవదు. అంటే మీరు 32 బిట్ విండోస్‌కే కట్టుబడి ఉన్నారు, గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా 32 బిట్‌దే కావాలి. 32 బిట్ విండోస్‌కు ఎన్విడియా డ్రైవర్లు 390 శ్రేణితో ఆగిపోయాయి. చివరిగా అందరూ వాడేది 391.35, 2018 మార్చిలో వచ్చింది. కాబట్టి 470 శ్రేణి మీకు లేదు. జీటీఎక్స్ 1650, 1660 ఆ తర్వాత వచ్చిన ట్యూరింగ్ నిర్మాణానివి, అవీ మీకు పనికిరావు. ఆర్‌టీఎక్స్ ఏదీ పనికిరాదు.

మీకు ఆఖరి మజిలీ పాస్కల్ నిర్మాణం, అంటే జీటీఎక్స్ 10 శ్రేణి. మీ అవసరానికి జీటీఎక్స్ 1050, 1050 టీఐ, లేదా జీటీ 1030 చాలు. నేనైతే 1050 టీఐ వెతుకుతాను.

వెన్నెల64

అవును, నేను రాసినది 64 బిట్ వారికే. మరచెక్క గారి జాబితానే తీసుకోండి.

పరికరశాల

చాలా ఉపయోగపడే మాట చెప్పారు. ప్రాసెసర్‌లోనే హెచ్‌డీ 630 ఉంది కదా, ఐఎన్ఎఫ్ మార్చి దాన్నే వాడుకుంటే కార్డు అవసరం తప్పుతుందా?

నిదానం

తప్పవచ్చు. 32 బిట్ విండోస్ 7లో కర్నెల్ డ్రైవర్లకు డిజిటల్ సంతకం (ఎవరు ఇచ్చారో చూపే ముద్ర) తప్పనిసరి కాదు కాబట్టి దారి కూడా సులువే. ఐఎన్ఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చినా దానికి తోడుగా వచ్చే ‘క్యాట్’ ఫైలులోని సంతకం చెల్లకుండా పోతుంది. ఎరుపు రంగు హెచ్చరిక వస్తుంది, అయినా ఇన్‌స్టాల్ చేయమంటే చేస్తుంది.

అయినా ప్రయోగశాల యంత్రానికి నేను ఆ దారి సూచించను. ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటర్‌లో తెర ఒకసారి మిణుకుమంటే తిరిగి ప్రారంభించి ఊరుకుంటాం. మీ దగ్గర కొలత మధ్యలో డ్రైవర్ కూలితే నమూనా పోతుంది. తయారీదారు పరీక్షించి, జాబితాలో పేరు రాసి ఇచ్చిన డ్రైవర్‌ను యథాతథంగా వాడగలిగే కార్డు దొరుకుతున్నప్పుడు అదే వాడాలి.

బిట్‌పక్షి

ఒక ప్రత్యామ్నాయం. కొత్త యంత్రంలో లినక్స్ వేసి, విండోస్ 7ను వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో కల్పించిన కంప్యూటర్‌లో) నడిపితే? అందులో గ్రాఫిక్స్ కార్డు కూడా కల్పితమే. విండోస్ 7కు డ్రైవర్ వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేరే ఇస్తుంది, కింద అసలు కార్డు ఏదైనా ఫరవాలేదు.

మరచెక్క

పరికరం యూఎస్‌బీ లేదా సీరియల్ తీగతో కలిసేదైతే నేనూ అదే చెప్పేవాడిని. ఇక్కడ అడ్డు పీసీఐ కార్డు. దాన్ని లోపలి విండోస్‌కు నేరుగా అప్పగించాలంటే ప్రాసెసర్, బోర్డు రెండూ వీటీ-డీని (పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు అప్పగించే సదుపాయాన్ని) ఆదరించాలి. పైగా ఇలాంటి బోర్డులలో పాత పీసీఐ స్లాటు సాధారణంగా ఒక బ్రిడ్జ్ చిప్ వెనుక ఉంటుంది. ఆ బ్రిడ్జ్ వెనుక ఉన్నవన్నీ ఒకే గుంపుగా లెక్క, విడదీసి ఇవ్వడం కుదరదు. అదీ దాటినా, పరికరం నుంచి వచ్చే సంకేతాన్ని సరైన క్షణంలో అందుకోవాల్సిన ప్రోగ్రాంకు మధ్యలో ఇంకో పొర మంచిది కాదు. ఈ పనికి నేరుగా యంత్రం మీద నడిచే విండోసే సరైనది.

అక్షరమాల_ఎల్ఎక్స్

లినక్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అటువైపు పరిస్థితి కూడా చెబుతాను, ఇక్కడికి వెతుక్కుంటూ వచ్చేవారికి పనికొస్తుంది. పాత లినక్స్‌లో కొత్త కార్డు పెట్టినా ఇదే బాధ. ఏఎండీ ఆర్‌ఎక్స్ 5700నే తీసుకోండి. దానికి కర్నెల్ 5.3, మెసా (ఓపెన్‌జీఎల్ అందించే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) 19.2, వాటితోపాటు ఆ కార్డు ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఉండాలి. వీటిలో ఒక్కటి పాతదైనా తెర నల్లబడుతుంది, లేదా ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అనే సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌లో పడి ప్రాసెసర్ వేడెక్కుతుంది. అప్పుడు చాలామంది ‘నోమోడ్‌సెట్’ అనే బూట్ ఎంపిక పెట్టి తెర వచ్చింది కదా అని సంతోషిస్తారు. అది డ్రైవర్‌ను పక్కన పెట్టడమే, పనిచేయించడం కాదు. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక తీసేయాలి.

ఒక సుఖం ఏమిటంటే, లినక్స్‌లో పై ప్రోగ్రాంలను అలాగే ఉంచి కర్నెల్‌ను, మెసాను మాత్రం కొత్తవి చేసుకోవచ్చు. విండోస్‌లో ఆ అవకాశం లేదు. విండోస్ 7 గ్రాఫిక్స్ డ్రైవర్ నమూనా డబ్ల్యూడీడీఎం 1.1, విండోస్ 10ది 2.0తో మొదలు. విండోస్ 10 కోసం రాసిన డ్రైవర్ కర్నెల్ నుంచి అడిగే సేవలు విండోస్ 7లో అసలు లేవు.

పరికరశాల గారికి అదే మెసా ఇంకో రకంగా ఉపయోగపడవచ్చు. విండోస్‌కు తయారుచేసిన మెసా ‘ఓపెన్‌జీఎల్32.డీఎల్ఎల్’ ఫైలును స్పెక్ట్రోమీటర్ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. స్టాండర్డ్ వీజీఏ ఉన్నప్పుడు విండోస్ ఇచ్చేది మైక్రోసాఫ్ట్ సొంత ఓపెన్‌జీఎల్ 1.1 మాత్రమే. ప్రోగ్రాం 2.0 అడిగి మూసుకుపోవడానికి కారణం అదే. మెసా ఫైలు ఉంటే బొమ్మ గీసే పని ప్రాసెసర్ చేస్తుంది. ప్రోగ్రాం 32 బిట్‌ది కాబట్టి డీఎల్ఎల్ కూడా 32 బిట్‌దే కావాలి, విండోస్ 7లో నడిచే పాత కూర్పు ఎంచుకోవాలి. ‘సిస్టమ్32’ ఫోల్డర్‌లోని అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు.

పరికరశాల

అక్షరమాల గారూ, అద్భుతం. ప్రోగ్రాం తెరుచుకుంది! వర్ణపటం త్రిమితీయ దృశ్యాన్ని తిప్పితే బొమ్మ కుదుపుగా కదులుతోంది గానీ కొలతలు తీసుకోగలుగుతున్నాం. ఆగిపోయిన పని మళ్లీ మొదలైంది. ఈలోపు 1050 టీఐ కోసం వెతుకుతున్నాను.

గడియారం

చర్చ మధ్యలోకి వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది విండోస్ 7 64 బిట్, కార్డు జీటీఎక్స్ 1660. డ్రైవర్ ఎక్కుతుంది, తిరిగి ప్రారంభిస్తే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 52. సంతకాన్ని నిర్ధారించలేకపోయామని అంటోంది. డ్రైవర్ అధికారిక సైటులోదే, నేను దేన్నీ మార్చలేదు. టెస్ట్‌సైనింగ్ పెట్టమని ఒకరు చెప్పారు. చేయమంటారా?

వెన్నెల64

వద్దు. టెస్ట్‌సైనింగ్ పెడితే పరీక్షల కోసం ఎవరైనా సొంతంగా తయారుచేసుకున్న సంతకాలనూ కర్నెల్ ఒప్పుకుంటుంది. మీ డ్రైవర్‌కు సరైన సంతకమే ఉన్నప్పుడు ఆ తలుపు తెరవాల్సిన పని లేదు.

డ్రైవర్‌లో లోపం లేదు. మీ విండోస్ ఆ సంతకాన్ని చదవలేకపోతోంది. విండోస్ 7 వచ్చిన 2009లో సంతకాలు ఎస్‌హెచ్ఏ-1 పద్ధతిలో ఉండేవి. తర్వాత అందరూ ఎస్‌హెచ్ఏ-2కు మారారు. పాత డిస్కుతో వేసిన విండోస్ 7కు ఎస్‌హెచ్ఏ-2 సంతకాలను సరిచూడటం రాదు. దానికి అప్‌డేట్లు ఉన్నాయి. సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అది మొదట వేయాలి. తర్వాత కేబీ4490628, ఆపైన కేబీ4474419. ఈ వరుస ముఖ్యం. మొదటిది అప్‌డేట్లను ఎక్కించే వ్యవస్థను సరిచేస్తుంది, రెండోది ఎస్‌హెచ్ఏ-2 సంతకాల మద్దతు ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి 64 బిట్ కూర్పులు దించుకోండి. అవి పూర్తయ్యాక గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయండి.

గడియారం

కేటలాగ్ నుంచే ఎందుకు? విండోస్ అప్‌డేట్ వెతికి వేయదా?

వెన్నెల64

మీ ప్రాసెసర్ ఏడో తరం ఇంటెల్ లేదా ఏఎండీ రైజెన్ అయితే విండోస్ 7లో విండోస్ అప్‌డేట్ ‘ఈ హార్డ్‌వేర్‌కు మద్దతు లేదు’ అంటుంది. కొత్త ప్రాసెసర్లకు కొత్త విండోస్‌లోనే మద్దతు అని మైక్రోసాఫ్ట్ 2016 జనవరిలో ప్రకటించింది, 2017లో ఆ అడ్డు అమల్లోకి వచ్చింది. విడిగా దించుకున్న ఫైలును నేరుగా వేస్తే ఆ చిక్కు ఉండదు.

సంధ్యారాగం7

నాది ఇంకా పాత కథ, విండోస్ ఎక్స్‌పీ. జీటీఎక్స్ 1050 వేసుకోవచ్చా?

మరచెక్క

కుదరదు. పాస్కల్‌కు ఎక్స్‌పీ డ్రైవర్ రాలేదు. ఎక్స్‌పీకి అధికారికంగా జీటీఎక్స్ 960 దగ్గర ఆగాలి, డ్రైవర్ 368.81, 2016లోది. కొత్త బోర్డులో ఎక్స్‌పీ వేయబోతే గ్రాఫిక్స్ దాకా రాకముందే నీలి తెర వస్తుంది. 0ఎక్స్ఏ5 అంటే ఏసీపీఐ (విద్యుత్తు, పరికరాల నిర్వహణ) గొడవ, 0ఎక్స్7బీ అంటే డిస్కు కంట్రోలర్ డ్రైవర్ లేకపోవడం. వివరాలకు వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.

నిదానం

పరికరశాల గారూ, కార్డు చేతికి రాకముందే రెండు పనులు చేసి ఉంచుకోండి.

ఒకటి, ఇప్పుడు పనిచేస్తున్న డిస్కును యథాతథంగా ఇమేజ్ తీసి వేరే డిస్కులో దాచండి. రెండు, 391.35 ప్యాకేజీని 32 బిట్ కూర్పు అని సరిచూసి, తయారీదారు సైటు నుంచే దించుకోండి. ‘డ్రైవర్ ప్యాక్’ పేరుతో ఎక్కడపడితే అక్కడ దొరికేవి ముట్టుకోవద్దు. ఫైలు ప్రాపర్టీస్‌లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ తెరిచి ఎవరి పేరుందో చూడండి.

జాబితాలో కార్డు ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. ప్యాకేజీని తెరిచి ‘డిస్‌ప్లే.డ్రైవర్’ ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. 1050 టీఐ సంఖ్య 1సీ82, దాన్ని వెతకండి. అది ఫైలులో ఎక్కడో ఒకచోట కనిపించడం చాలదు, సరైన విభాగంలో ఉండాలి. విండోస్ 7 అంతర్గత సంఖ్య 6.1, విండోస్ 8ది 6.2, 8.1ది 6.3, విండోస్ 10ది 10.0. మీకు కావలసినది ‘ఎన్‌టీఎక్స్86’ పక్కన 6.1 ఉన్న విభాగం. ‘ఎన్‌టీఏఎండీ64’ అని ఉంటే అది 64 బిట్‌ది. ప్రాసెసర్ ఇంటెల్‌దైనా ఆ పేరే వాడతారు, దాన్ని చూసి కంగారు పడకండి.

మరచెక్క

బయోస్ (బోర్డు ప్రారంభ అమరికలు) గురించి కూడా. 32 బిట్ విండోస్ 7 ఇలాంటి బోర్డులలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ కాదు. మీది ఇప్పటికే బూట్ అవుతోంది కాబట్టి సీఎస్ఎం (పాత బూట్ పద్ధతి) ఆన్‌లో, సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉన్నట్టే. ఇంకొక అమరిక చూడండి. ‘అబవ్ 4జీ డీకోడింగ్’ అనేది బోర్డులో ఉంటే ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కార్డు మెమరీ కిటికీలను (దాన్ని చేరుకునే చిరునామాలను) 4 జీబీ హద్దుకు పైన పెట్టే వీలుంటుంది. మీ విండోస్ ఆ హద్దు దాటి చూడలేదు.

మీ 8 జీబీలోనూ సుమారు 3 జీబీ పైచిలుకే కనిపిస్తుంది. 4 జీబీ చిరునామాలలోనే గ్రాఫిక్స్ కార్డుకూ మిగతా పరికరాలకూ చోటివ్వాలి కాబట్టి అది సహజం. మెమరీ పాడైందని అనుకోవద్దు.

పరికరశాల

ఐఎన్ఎఫ్ చూశాను. 1సీ82 ఉంది, ఎక్స్86 6.1 విభాగంలోనే ఉంది. ఇమేజ్ తీశాను. 1050 టీఐ ఒకటి పక్క విభాగంలో వాడకుండా ఉన్నట్టు తెలిసింది, అడిగాను.

గడియారం

వెన్నెల64 గారూ, మొదటి అప్‌డేట్ ఎక్కింది. రెండోది వేస్తుంటే తిరిగి ప్రారంభించమంటోంది. ముందు ప్రారంభించాలా, డ్రైవర్ కూడా వేసేసి ఒకేసారి ప్రారంభించవచ్చా?

వెన్నెల64

ముందు తిరిగి ప్రారంభించండి. సంతకాన్ని సరిచూసే భాగం బూట్ సమయంలోనే కొత్తదిగా మారుతుంది. ఆ తర్వాతే డ్రైవర్.

పరికరశాల

1050 టీఐ వచ్చింది. 4060 తీసి దీన్ని పెట్టాను. 391.35 వేశాను, ఇన్‌స్టాలర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. తిరిగి ప్రారంభించాక డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు సరిగ్గా వచ్చింది గానీ పసుపు గుర్తు ఉంది, కోడ్ 12. తెర ఇంకా 1024×768లోనే ఉంది. అబవ్ 4జీ డీకోడింగ్ అనే పేరు మా బయోస్‌లో ఎక్కడా కనిపించడం లేదు.

మరచెక్క

కోడ్ 12 అంటే కార్డుకు కావలసిన చిరునామా స్థలం దొరకలేదని. మనం అనుకున్న చోటే ఆగింది. కొన్ని బోర్డులలో ఆ అమరిక పేరు వేరు. పీసీఐ లేదా బూట్ విభాగంలో ‘4జీ పైన మెమరీ మ్యాప్’ అన్న అర్థం వచ్చేది ఏదైనా ఉందేమో చూడండి. వాడని సౌండ్ కంట్రోలర్, అదనపు సాటా కంట్రోలర్ వంటివి కూడా ఆపేయండి. ప్రాసెసర్‌లోని అంతర్గత గ్రాఫిక్స్ ఆన్‌లో ఉంటే అదీ ఆపండి, దాని కిటికీ కూడా ఆ 4 జీబీలోనే చోటు తీసుకుంటుంది.

నిదానం

అంతర్గత గ్రాఫిక్స్ ఆపే ముందు తెర తీగ కార్డుకే పెట్టి ఉందని చూసుకోండి. బోర్డు వెనుక ఉన్న అవుట్‌పుట్‌కు పెట్టి ఉంటే ఏమీ కనిపించదు.

పరికరశాల

పనిచేసింది! బయోస్‌లో అంతర్గత గ్రాఫిక్స్ ‘ఆటో’ అని ఉండటంతో రెండూ ఆన్‌లో ఉన్నాయి. దాన్ని ఆపాను. 4జీ మ్యాపింగ్ అమరిక వేరే పేరుతో అధునాతన పీసీఐ విభాగంలో దొరికింది, దాన్నీ ఆపాను. తిరిగి ప్రారంభించగానే తెర ఒకసారి ఆరి 1920×1080లో వెలిగింది. పసుపు గుర్తు లేదు. స్పెక్ట్రోమీటర్ ఫోల్డర్‌లో పెట్టిన మెసా ఫైలును తీసేసి ప్రోగ్రాం తెరిచాను. ఇప్పుడు త్రిమితీయ దృశ్యం కుదుపు లేకుండా తిరుగుతోంది.

ఒక సందేహం మిగిలింది. డ్రైవర్‌తోపాటు ఆటల కోసం ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ ప్రోగ్రాం కూడా ఎక్కింది. ఉంచాలా?

మరచెక్క

తీసేయండి. దానికి ఇంటర్నెట్ కావాలి, మీ యంత్రానికి అది లేదు, మీ పనిలో దానికి పాత్ర లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాంల జాబితా నుంచి అదొక్కటే తీయవచ్చు, డ్రైవర్ చెక్కుచెదరదు. స్లీప్ కూడా ఆపేయండి. దీర్ఘమైన కొలత మధ్యలో యంత్రం నిద్రలోకి వెళ్లి లేస్తే, గ్రాఫిక్స్ సంగతి ఎలా ఉన్నా మీ ఇంటర్‌ఫేస్ కార్డు లేవకపోవచ్చు.

అక్షరమాల_ఎల్ఎక్స్

చాలా సంతోషం. ఆ మెసా ఫైలును పారేయకండి. ఇంకో ఫోల్డర్‌లో దాచండి. ఈ కార్డు ఎప్పుడైనా చెడితే, మరొకటి దొరికేవరకు పని ఆగకుండా ఉంటుంది.

పరికరశాల

దాచాను. 391.35 ప్యాకేజీ, యూఎస్‌బీ డ్రైవర్, ఇంటర్‌ఫేస్ కార్డు డ్రైవర్, బయోస్ అమరికల ఫొటోలు, ఇప్పుడు కొత్తగా తీసిన డిస్కు ఇమేజ్ అన్నీ ఒకేచోట పెట్టి, ఇంకో డిస్కులో కూడా నకలు ఉంచాను. ఎక్స్‌పీరియన్స్ తీసేశాను, స్లీప్ ఆపాను. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ముఖ్యంగా మరచెక్క గారు బిట్‌ల సంగతి అడగకపోతే నేను జీటీఎక్స్ 1660 తెచ్చుకుని ఉండేవాడిని.

గడియారం

నాదీ తేలింది. రెండు అప్‌డేట్లూ వరుసగా వేసి, తిరిగి ప్రారంభించి, పాత డ్రైవర్‌ను తీసేసి కొత్తగా వేశాను. కోడ్ 52 పోయింది. టెస్ట్‌సైనింగ్ అవసరమే రాలేదు.

సంధ్యారాగం7

మరచెక్క గారూ, ఎక్స్‌పీ కోసం వేరే చర్చ మొదలుపెట్టాను. బోర్డు, డిస్కు వివరాలన్నీ అక్కడ రాశాను, నీలి తెర మీద కనిపించిన సంఖ్య 0ఎక్స్7బీ.